అవ్వ ఇచ్చిన పేలాలు

ఆదివారం, రాత్రి

కవచం మూలన పడేశాను. దసరా సెలవుల నుంచి ఫోమ్ షీట్లు కోసి, అతికించి, రంగులేసి చేసుకున్నది. నాకిష్టమైన జపాన్ కార్టూన్ యానిమేలోని యోధురాలి వేషంలో కోట రాళ్ల మధ్య నిలబడితే ఫోటోలు బాగా వస్తాయని నా స్నేహితురాలు శ్రావణి అంది. ఎండకు జిగురు కరిగి భుజం ఊడిపోతుంటే చేత్తో పట్టుకునే నిలబడ్డాను.

అక్కడ మేకలు కాసే అవ్వ దగ్గరికొచ్చింది. పగటివేషాలేసుకుని ఊరూరా తిరిగేవాళ్లలో ఒకదాన్ననుకుంది. కొంగులోని పేలాలు నా చేతిలో పోసి, రాయి మీద కూర్చుంది.

"ఏం వేషం బిడ్డా? కథ చెప్పు, వింట."

"ఒక రాజ్యముంటది అవ్వా..." అన్నాను. అక్కడే ఆగిపోయాను. ఎన్నోసార్లు చూసి ఏడ్చిన కథ. అంతా ఇంగ్లీషు సబ్‌టైటిళ్లలో చదివిందే. ఆ పిల్ల కత్తి ఎందుకు పట్టిందో చెప్పడానికి నాకు తెలుగులో ఒక్క మాట దొరకలేదు.

"ఇంకా నేర్చుకుంటాన్నవా? జర మంచిగ నేర్చుకో" అని అవ్వ లేచి మేకల వెంట పోయింది.

రేపు వేషాల పోటీకి ఫోటో పంపాలి. ఏది చూసినా నా మొహం ఖాళీగా ఉంది. పేలాలు బల్ల మీదే ఉన్నాయి. కథ చెప్పకుండా ఎలా తినను...