ఆదివారం తెరుచుకున్న తలుపు

థోలెన్,
మంగళవారం మధ్యాహ్నం

ప్రియమైన మారినుస్ గారికి మీ హెండ్రీనా రాయునది.

దేవుని దయవల్ల ఇంట్లో నేను, వృద్ధుల గృహంలో అత్తయ్య, కిటికీ గట్టు మీద పిల్లి, అందరం క్షేమం. ఆ అంగోలా ఎండల్లో మీరూ, మీతోపాటు ఓడ మీద సముద్రపు ఇసుక తవ్వుతున్న వాళ్ళందరూ అలాగే ఉండాలని రోజూ మీ పేరు చెప్పి ప్రార్థిస్తున్నాను. సెలవు మీద వచ్చిన మీ ఓడ మనిషి చేత పంపిన ఉత్తరం శుక్రవారం అందింది. మూడుసార్లు చదివాను. రెండుసార్లు సంతోషంగా, మూడోసారి భయంగా.

ముందు మీరు అడిగినవాటికి జవాబులు చెబుతాను. అత్తయ్య మోకాలి వాపు తగ్గింది. కర్ర పట్టుకుని నడుస్తున్నారు. నర్సు చెయ్యి అందిస్తే, "నేనేం పడవనా, లాక్కెళ్ళడానికి?" అని కసురుతున్నారట. మీరు తలుపుకు పెట్టిన నంబరు తాళంలో బ్యాటరీలు మార్చాను. మొదట తలకిందులుగా పెట్టాను, తర్వాత మీరు గీసి ఇచ్చిన బొమ్మ చూసి సరిచేశాను. మన చర్చిలో సంఘ పెద్ద ఎన్నిక ఈ నెల చివరి బుధవారం. పాస్టర్ గారు ఇద్దరి పేర్లు చదివారు, మీది మొదటిది. మీ పేరు వినబడగానే నా పక్కన కూర్చున్న పొరుగింటి తన్నెకె నా అరచేతిలో పిప్పరమెంటు బిళ్ళ పెట్టి గట్టిగా నొక్కింది. ప్రసంగంలో మొదటి భాగం ఏమిటో నాకు గుర్తు లేదు.

ఇక మీ ఆఖరి ప్రశ్న. "ఫోన్‌లో తాళం రికార్డు చూశాను, మొన్న ఆదివారం పదకొండు యాభై రెండుకి పార్సెల్ నంబరుతో తలుపు తెరుచుకున్నట్టు చూపిస్తోంది. గడియారం తప్పి ఉంటుంది. విశ్రాంతి దినాన మన తలుపు అలాంటి పనికి తెరుచుకోదు కదా, సరిచేయించు" అని రాశారు.

గడియారం తప్పలేదండీ.

ఫోన్‌లో చెబుదామని రెండుసార్లు చేశాను. మీ గొంతు వినగానే వాన గురించీ ఉల్లి చేల గురించీ మాట్లాడి పెట్టేశాను. కాగితానికి గొంతు ఉండదు కాబట్టి దీనికి చెప్పగలనేమో.

మీరు వెళ్ళే ముందు, పార్సెళ్ళు తెచ్చే హబ్తోమ్‌కి మీరే తాళం నంబరు ఇచ్చారు, గుర్తుందా? గుమ్మంలో పెట్టిన మీ పని బూట్లు పోయాక, "ఇక పార్సెళ్ళు నడవలోనే పెట్టు" అని కాగితం రాసి సంతకం చేశారు. సోమవారం నుంచి శనివారం దాకా అని రాశారు. ఆదివారం ఆ నంబరు పనిచేయకుండా తాళంలో కూడా కట్టేశారు. ఏడాదిగా అతను వచ్చినప్పుడల్లా నంబరు నొక్కి, తలుపు రెండంగుళాలు తెరిచి, "అమ్మా, నేనే" అని పిలిచి, చాప మీద పెట్టె పెట్టి పోయేవాడు. అత్తయ్య ఈ ఇంట్లో ఉన్నప్పుడు ఈ తలుపుకే ఉత్తరాల రంధ్రంలోంచి తాడు వేలాడదీసేవారు, ఊళ్ళో ఎవరైనా లాగి లోపలికి రావచ్చు. అతను పిలిచే తీరు వింటే నాకు ఆ తాడు గుర్తొచ్చేది. చలిరోజుల్లో కాఫీ ఇచ్చేదాన్ని. ఉపవాస దినాల్లో, "పాలు వద్దమ్మా" అనేవాడు. అతని దేశంలో వాళ్ళకు మనకంటే ఉపవాసాలు ఎక్కువ.

మీరు రాసిన ఆ ఆదివారం ఉదయం ఆరాధన అయ్యాక తన్నెకె, ఆమె భర్త లేండర్ట్ గారు మన ఇంటికి కాఫీకి వచ్చారు. లేండర్ట్ గారు పెద్దరికంతో మీ గురించే మాట్లాడుతున్నారు. నేను బోలుస్ తీపి రొట్టెలు పళ్ళెంలో పెడుతున్నాను. అప్పుడు తాళం గిర్రుమని తిరిగింది. తలుపు దానంతటదే తెరుచుకుంది.

"అమ్మా, నేనే!"

హబ్తోమ్ నడవలోకి వచ్చి పెట్టె కింద పెట్టాడు. గుండ్రటి పెట్టె. దాని మీద, మేం ఆడవాళ్ళం ఆరాధనకు పెట్టుకునే టోపీల దుకాణం పేరు పెద్ద అక్షరాలతో ఉంది.

తన్నెకె కప్పు ఠక్కున పెట్టి లేచింది. "ఓరి దేవుడా! ఎవరయ్యా నువ్వు, ఆదివారం పూట ఇంట్లోకి చొరబడతావా?"

"చొరబడలేదమ్మా, పార్సెల్..."

"చూస్తున్నాంలే. ఈవేళ ఏం వారమో తెలుసా నీకు?"

"తెలుసమ్మా. మా చర్చిలో కూడా ఇప్పుడు ఆరాధనే జరుగుతోంది. నన్ను పనికి వేశారు."

లేండర్ట్ గారు నెమ్మదిగానే అడిగారు. "లోపలికి రమ్మని నీకెవరు చెప్పారు బాబూ?"

అతను నా వైపు చూశాడు. చూశాడంతే.

"హెండ్రీనా, నువ్వు రమ్మన్నావా?" అన్నారు లేండర్ట్ గారు.

"నాకు తెలియదు," అన్నాను.

అతను టోపీ తీసి చేతిలో నలుపుకుంటూ, తలుపు చప్పుడు కాకుండా మూసి వెళ్ళిపోయాడు. తన్నెకె ఆ గుండ్రటి పెట్టె చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "మారినుస్ ఇంకా పెద్ద కానేలేదు, పెద్దగారి పెళ్ళాం టోపీ మాత్రం నడిచొచ్చేసిందే!" అంది. నవ్వుతూనే అంది. నాకు చెవులు మండాయి.

ఆ మర్నాడు లేండర్ట్ గారు పార్సెల్ కంపెనీకి ఫిర్యాదు రాశారు. ఒంటరిగా ఉన్న ఆడమనిషి ఇంట్లోకి అనుమతి లేకుండా వచ్చాడని. నా మంచికే రాశారు. కంపెనీ వాళ్ళు హబ్తోమ్‌ను పనిలోంచి ఆపేశారు. ఈ శుక్రవారం ఉదయం ఖూస్ ఊళ్ళో వాళ్ళ గోదాము దగ్గర విచారణ. తప్పు రుజువైతే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే, వసంతంలో రావలసిన అతని భార్యకూ పాపకూ కాగితాలు రావు. స్థిరమైన పని ఉన్నవాళ్ళే కుటుంబాన్ని తెచ్చుకోగలరట. ఆ పాప ఫోటో నేను చూశాను. అతని ఫోన్‌లో మొదటి బొమ్మ అదే.

నిన్న ఆ కంపెనీ అమ్మాయి నాకు ఫోన్ చేసింది. "మీరే రమ్మన్నారని హబ్తోమ్ అంటున్నాడు. నిజమేనా మేడమ్?" అంది. పక్కనే తన్నెకె కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది.

"నాకు గుర్తు లేదు," అన్నాను.

పిల్లికి పాలు పోయాలి. తర్వాత రాస్తాను.

గురువారం సాయంత్రం

రెండు రోజులు ఈ కాగితం బైబిలు కిందే ఉండిపోయింది. దాని కింద పెడితే బరువు తగ్గుతుందనుకున్నాను.

ఈరోజు పొద్దున లేండర్ట్ గారు వచ్చారు. "హెండ్రీనా, రేపు నిన్ను నా కారులోనే తీసుకెళ్తాను. మారినుస్ పెట్టిన తాళం అన్నీ రాసుకుంటుందటగా? ఎవరు, ఎప్పుడు తెరిచారో? ఆ రికార్డు కాగితం మీద తీసి తీసుకురా. దాంతో తేలిపోతుంది," అన్నారు.

"సరేనండీ," అన్నాను.

మధ్యాహ్నం గంట మోగింది. హబ్తోమ్. యూనిఫారం లేదు. మామూలు కోటు. గుమ్మం దగ్గర కాదు, గేటు అవతల నిలబడ్డాడు. రెండు చేతులూ గేటు మీద, కనబడేలా.

"లోపలికి రా నాయనా," అన్నాను.

"వద్దమ్మా. ఒక్క మాట అడిగి పోతాను. ఆ శనివారం మీరు ఇక్కడే నిలబడి, 'రేపు కూడా లోపల పెట్టు, నంబరు పనిచేస్తుంది' అన్నారు. నేను విన్నాను కదా?"

పక్కింటి కిటికీలో పరదా కదిలింది.

"నాకు భాష సరిగ్గా రాక తప్పుగా విన్నానేమో అని అడుగుతున్నాను. అదే అయితే రేపు నేనే ఒప్పుకుంటాను. మిమ్మల్ని అబద్ధాలవారని అనలేను."

"చలిగా ఉంది, ఇంటికి వెళ్ళు," అన్నాను. మారినుస్ గారూ, నేనన్నది అంతే. అతను తల ఊపి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు చెబుతాను. తాళం యాప్‌లో ఆదివారం వరుసకు పైన ఇంకో వరుస ఉంది. మీరు అంత పైకి చూసి ఉండరు. చూడాలనీ అనుకుని ఉండరు, అది నాకు తెలుసు. "శనివారం, సాయంత్రం 4:05. పార్సెల్ నంబరు వేళలు మార్చబడ్డాయి. ఆదివారం చేర్చబడింది. మార్చినవారు: హెండ్రీనా."

టోపీ నేనే తెప్పించాను. ముదురు నీలం, పక్కన చిన్న ఈక. మీ పేరు చదివిన మర్నాడే. మిమ్మల్ని పెద్దగా నియమించే ఆదివారం పెట్టుకుందామని. ఎన్నిక జరగకుండానే. శనివారం ఫోన్‌లో కబురొచ్చింది, పెట్టె ఆదివారం వస్తుందని, ఇంట్లో ఎవరూ లేకపోతే పక్కింటి గుమ్మంలో పెడతారని. పక్కిల్లంటే తన్నెకె. ఆదివారం పూట, ఆ పేరున్న పెట్టె, తన్నెకె చేతుల్లోకి!

అప్పుడు నాకు ఒక తెలివైన ఆలోచన వచ్చింది. నేను ఆరాధనలో ఉన్నప్పుడు అతను వస్తాడు, తాళం తెరుస్తుంది, తాళమే మూస్తుంది. నేను కొనను, తీసుకోను, తలుపు తీయను. ఆదివారం నా చేతులు పుస్తకం మీదే ఉంటాయి. పాపమేదైనా ఉంటే ఆ ఇనుప ముక్కది. ఇది ఆలోచిస్తున్నప్పుడు నాకు సిగ్గు కూడా వేయలేదు. కాని దారిలో పడవల కోసం వంతెన ఎత్తి ఉంచడంతో అతనికి రెండు గంటలు ఆలస్యమైంది. అంతే తేడా.

రికార్డు తుడిచేసే మీట కూడా ఉంది. చిన్న చెత్తబుట్ట బొమ్మ. "నిజంగా తుడవాలా?" అని అడుగుతుంది. అవును, కాదు అని రెండే ఉంటాయి. మీరూ చూశారు కాబట్టి ఒకవేళ అడిగితే గడియారం చెడిందని చెప్పవచ్చు. ఆ మాట మీరే ముందుగా ఇచ్చారు. మీరు నన్ను అంత నమ్మబట్టే నాకు దారి దొరికింది.

చెత్తబుట్ట మీద వేలు పెట్టాను. పెట్టి తీశాను. ఫోన్‌ను పిండి డబ్బాలో దాచి ఇది రాస్తున్నాను.

శుక్రవారం సాయంత్రం

పొద్దున పిండి డబ్బా తెరిచి, ఫోన్ తుడిచి, గ్రంథాలయానికి వెళ్ళి రెండు వరుసలూ ఉన్న కాగితం తీయించుకున్నాను. మడత పెట్టి చేతిసంచిలో పెట్టుకున్నాను. దారి పొడవునా లేండర్ట్ గారు నాకు ధైర్యం చెబుతూనే ఉన్నారు.

చిన్న గది. కంపెనీ అమ్మాయి, హబ్తోమ్, మేమిద్దరం. అతను చొక్కా ఇస్త్రీ చేసుకుని వచ్చాడు.

"రికార్డు తెచ్చారా మేడమ్?" అంది ఆ అమ్మాయి.

కాగితం తీసి లేండర్ట్ గారి చేతికి ఇచ్చాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, "ఆదివారం, పదకొండు యాభై రెండు. ఇదిగో, స్పష్టంగా ఉంది," అని చదివారు.

"పైన కూడా ఉందండీ," అన్నాను.

ఆయన చూశారు. "హెండ్రీనా, ఇందులో..."

"పైకి చదవండి. నేను చదివితే మళ్ళీ ఏదో మార్చి చదువుతాను."

ఆయన చదివారు. ఆదివారం చేర్చబడింది. మార్చినవారు: హెండ్రీనా. చర్చిలో వాక్యం చదివే గొంతుతోనే చదివారు.

"ఇతను అబద్ధం ఆడలేదు. నేనే రమ్మన్నాను. రెండుసార్లు అడిగితే రెండుసార్లూ తప్పించుకున్నాను. నిన్న గేటు దగ్గరికి వచ్చినా చెప్పలేదు," అన్నాను. గట్టిగానే అన్నాననుకున్నాను. ఆ అమ్మాయి, "ఇంకోసారి చెప్తారా, వినబడలేదు," అంది. ఇంకోసారి చెప్పాను. అదే ఎక్కువ కష్టం.

హబ్తోమ్ బల్ల వైపే చూస్తూ కూర్చున్నాడు. సోమవారం నుంచి పనిలోకి రమ్మన్నారు. అతను కంపెనీ అమ్మాయికి కృతజ్ఞతలు చెప్పాడు. లేచి లేండర్ట్ గారికి తల వంచాడు. నా కుర్చీ పక్కనుంచే బయటికి వెళ్ళాడు.

వచ్చేటప్పుడు లేండర్ట్ గారు ఆ కాగితాన్ని ఒళ్ళోనే పెట్టుకుని కారు నడిపారు. మన ఇంటి ముందు కారు ఆపి, "ఫిర్యాదు రాసింది నా చెయ్యి. నన్ను కూడా అతని ముందు దోషిగా నిలబెట్టావు," అన్నారు. తర్వాత, "మారినుస్‌కి ఇది నీ నోటితో తెలియాలి. అతని జవాబు వచ్చేదాకా నేను సంఘంలో నోరు విప్పను. తన్నెకె సంగతి నేను హామీ ఇవ్వలేను," అన్నారు.

ఎన్నికలో మీ పేరు ఉంచాలో తీయించాలో మీరే చెప్పండి. నా వల్ల తీయవలసి వస్తే, తీయించిన కారణం కూడా దాచవద్దు.

సోమవారం

మీ ఓడకు కొత్తగా వస్తున్న వంటాయన రేపు బయల్దేరుతున్నాడు. ఈ కవరు అతని చేతికి ఇస్తున్నాను. అందుకే ఈ నాలుగు ముక్కలూ చేరుస్తున్నాను.

టోపీ తిప్పి పంపేస్తున్నానని దుకాణానికి చెప్పాను. పెట్టె తీసుకెళ్ళడానికి ఎవరు వస్తారో తెలుసు. పొద్దుటి నుంచి కాఫీ వేడిగా ఉంచాను, పాలు లేకుండా. నడవలో చాప దులిపాను. నంబరు మార్చలేదు, మీరు కట్టిన వేళలే మళ్ళీ పెట్టాను, సోమవారం నుంచి శనివారం దాకా. పది దాటాక బండి ఆగింది. తాళం వైపు చూస్తూ నిలబడ్డాను. అది తిరగలేదు. గంట మోగింది.

తలుపు తీసేసరికి అతను గుమ్మం దిగి గేటు దాకా వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. పెట్టె నేనే మోసుకెళ్ళాను. తీసుకున్నాడు. చేతిలోని మిషన్‌తో పెట్టె మీది గీతలను స్కాన్ చేశాడు. ఏడాదిగా నన్ను అమ్మా అని పిలిచినవాడు, తెర మీంచి తలెత్తకుండా అడిగాడు.

"ఎవరి దగ్గర తీసుకున్నానని రాయాలి? మీ పేరు?"

"హెండ్రీనా," అన్నాను.

రాసుకున్నాడు. కాఫీ సంగతి నేను అడగలేకపోయాను.

మీ జవాబు ఏదైనా తలవంచి చదువుకుంటాను.

ఇట్లు,
మీ మాట నిలబెట్టలేకపోయిన
మీ భార్య హెండ్రీనా