నర్సమ్మ గుట్ట ఎక్కింది

సుశీలక్కా,

నువ్వు పోయి ఏడాదైంది. ఇంట్లో కాలు నిలవక, రోజూ పొద్దున్నే చిక్కడపల్లి నుంచి నారాయణగూడ మార్కెట్ దాకా నడిచి, ఏమీ కొనకుండానే తిరిగొస్తున్నాను. మొన్న శనివారం మన ఆఫీసు ఆడవాళ్లం ఐదుగురం అనంతగిరి గుట్టలకు వెళ్లాం. ఈ గుట్ట నడకలు మాకు అలవాటు చేసిన నువ్వు లేకుండా వెళ్లడం ఇదే మొదలు.

మనం ఎప్పుడూ దిగే గెస్ట్‌హౌస్‌లో వంటచేసే నర్సమ్మ గేటు దగ్గరే అడిగింది.

"అక్క ఏది? ఎనక వస్తున్నదా?"

అవునన్నాను. ఎప్పుడూ అందరికంటే వెనక నడిచేదానివి కదా, అబద్ధం సులువుగా వచ్చేసింది. భోజనాల దగ్గర ఆమె నీకూ కంచం పెట్టింది. ఇక చెప్పక తప్పలేదు. ఆమె ఆ కంచం తీసేసి, మాకు వడ్డించింది.

ఆదివారం పొద్దున మిగతావాళ్లు టీ తాగుతుంటే, కూర్చోలేక నేనొక్కదాన్నే గుట్ట దారి పట్టాను.

"జర ఆగు బిడ్డా, నేనొస్త!"

నువ్వు ఎన్నిసార్లు పిలిచినా పొయ్యి వదలని నర్సమ్మ, చెప్పులు చేత్తో పట్టుకుని వస్తోంది.

"ఇన్నేండ్లు మీకు వండిపెట్టిన. మీరు ఏం సూడనీకి పోతరో ఒక్కసారన్న సూడలేదు."

పైకి చేరాక లోయకేసి చూసి, "ఏమున్నది ఈడ? అన్నీ చెట్లే గద!" అంది. ఆ తర్వాత కిందికి దిగుదామని నేను రెండుసార్లు పిలిచినా కదల్లేదు.