అమ్మ కుట్టు మిషను: ధర ఒకటి

అక్కా,

తెరవకుండా చించెయ్యకు. మూడేళ్ల తర్వాత రాస్తున్నాను, అయినా క్షేమసమాచారాలు అడిగే స్థితిలో లేను. ఫోను చేస్తే నువ్వు ఎత్తవు, అందుకే కాగితం పట్టుకున్నాను. నిన్న పొద్దున పది గంటలకి, ఇంకా పుట్టని నా దుకాణానికి మొదటి ఆర్డరు వచ్చింది. కొన్నది నువ్వు. కొన్నది అమ్మ కుట్టు మిషను. నీ పేరు చూసి కుర్చీలోనే కొయ్యబారిపోయాను.

మొదటినుంచీ చెబుతాను. నేను పసిపిల్లల బొంతలు కుడుతున్నాను. మా వీధిలో కొనేవాళ్లంతా కొనేశారు, ఒక్కో ఇంట్లో ఎంతమందని పుడతారు? ఆన్‌లైన్లో చిన్న దుకాణం పెట్టమని మా ఆయన ఒకటే పోరు. దానికి సాఫ్ట్‌వేరు కావాలిగా, మూడు రకాలు చూశాను. ఒకటి నెలనెలా అద్దె కట్టేది. అన్నీ వాళ్లే అమర్చిపెడతారు, కానీ మేకు కొట్టాలన్నా వాళ్లు ఒప్పుకోవాలి. రెండోది ఉచితం, కాకపోతే దించుకోవడం, కట్టుకోవడం, చెడితే బాగుచేసుకోవడం మన ఖర్మ. దాంతో రెండు రోజులు కుస్తీపట్టి మా ఆయన, "ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నవాళ్లకి ఈ పని తగిలి ఉండదే" అన్నారు. మూడోది పెద్ద సంతలాంటి సైటులో ఓ మూల గంప దించుకోవడం. అక్కడ నా బొంత పక్కనే ఇంకో రెండువందల బొంతలు. ఎటూ తేలక, అద్దెదాన్ని పదిహేను రోజులు ఊరికే వాడి చూడమంటే తెరిచాను.

ఒక్క సరుకైనా పెడితేగానీ అది దుకాణం ఎలా ఉంటుందో చూపించదు. బొంతలు మేడమీద ఆరుతున్నాయి. ఎదురుగా ఉన్నది అమ్మ మిషను. ఫొటో తీసి పెట్టాను. ధర అడిగింది, ఒకటి వేశాను. ఎన్ని ఉన్నాయంది, ఒకటే అన్నాను. వివరం రాయమంది. ఎవరు చూడొచ్చారని, మనసులో ఉన్నదంతా రాసేశాను. ఆఖర్న "మీ వాళ్లందరికీ తెలియజేయాలా?" అంది. అన్నిటికీ ఊఁ కొడుతూ వస్తున్నదాన్ని, దానికీ ఊఁ కొట్టాను. ఫోన్లో ఉన్న ప్రతి నంబరుకీ వెళ్లిపోయిందక్కా! పాలాయనకి, పళ్ల డాక్టరుకి, నీకు. నీ నంబరు తీసేద్దామని ఎన్నిసార్లనుకున్నా చెయ్యి రాలేదు.

అమ్మ మిషను నేను అమ్మకానికి పెట్టలేదు, ఒట్టు. వాడి చూసే దుకాణం కాబట్టి నీ డబ్బు కదల్లేదు, ఆర్డరు మాత్రం కదలకుండా కూర్చుంది. కానీ వివరంలో రాసింది నిజం. "ఇది మా అమ్మది. టేబులు అంచుకి ఆవిడ అతికించిన కొలత టేపు ముక్క ఇంకా ఉంది. అక్కకి చెప్పకుండా తెచ్చుకున్నాను. అడిగితే ఇవ్వదని భయం." అమ్మ పోయిన నెలకి, నువ్వు పనికి వెళ్లిన పూట, వ్యాను తెచ్చి మీ ఇంట్లోంచి ఎత్తుకొచ్చాను. బంధువులందరి ముందూ నువ్వు దొంగ అన్నావు. నేను నోరెత్తలేదు. ఏమని ఎత్తను? కుట్టే ప్రతి బొంతా దొంగసొత్తు మీదే కుడుతున్నానని నాకు తెలుసు. నీకు కావాలంటే మిషను పంపిస్తాను. నా పని ఏమవుతుందో నేను చూసుకుంటాను. ఒక్క ముక్క రాయి చాలు.

నీ చెల్లెలు,
పొట్టిది

*

పొట్టీ,

నువ్వు కొయ్యబారితే నేనేమయ్యానో తెలుసా? బస్సులో ఉన్నాను. ఫోను మోగింది. కొత్త దుకాణం తెరిచాం, దయచేయండి అని ఉంది. కింద అమ్మ మిషను. ధర ఒకటి! "ఓసి నీ దుంపతెగ, అమ్మేస్తోందే!" అని పైకే అరిచాను. పక్కావిడ తన సంచి దగ్గరికి లాక్కుంది. ఇంకెవరైనా ఎగరేసుకుపోతారేమోనని ముందు కొనేసి, తర్వాత చదివాను. దిగాల్సిన చోటు ఎప్పుడో దాటిపోయింది.

అప్పటినుంచీ నాకు ముద్ద దిగడం లేదు. ఫోను చేద్దామంటే ధైర్యం చాల్లేదు. ఇప్పుడు కూడా చెప్పకపోతే నాకు పుట్టగతులుండవు, విను. అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు, నువ్వు మందులకని కిందికి వెళ్లిన పది నిమిషాల్లో, నా చెయ్యి పట్టుకుని అంది: "మిషను చిన్నదానికి ఇచ్చెయ్యవే. నీకు సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు." సరేనన్నాను. ఆ మాట మింగేశాను. పక్కన ఉండి అన్నీ చేసింది నేను, ఆఖరికి తలుచుకున్నది నిన్ను. కడుపు మండిపోయింది. ఇద్దాంలే, కొన్నాళ్లు పోనీ అనుకున్నాను. ఈలోగా నువ్వే తీసుకెళ్లావు. నీ వస్తువు నువ్వు తీసుకెళితే నేను దొంగ అన్నాను. అందరూ నమ్మారు. నువ్వు కూడా నమ్మావు. అదే నేను తట్టుకోలేకపోతున్నాను. దొంగను నేనే పొట్టీ.

పొద్దున్నుంచీ బంధువులకి ఒక్కొక్కరికీ ఫోను చేసి చెబుతున్నాను. పెద్దమ్మయితే "ఆ పిల్లని నా చేత కూడా నానా మాటలూ అనిపించావు కదే!" అని ఉతికి ఆరేసింది. ఇంకా నలుగురు మిగిలారు.

ఆర్డరు రద్దు చెయ్యకు. సరుకు ఎలా అందాలి అన్నచోట నేనేం నొక్కానో చూశావా? "దుకాణానికి వచ్చి తీసుకుంటాను." ఆదివారం వస్తున్నాను. మిషను అక్కడే ఉండనీ. నువ్వు తలుపు తీస్తే చాలు.

అక్క

*

అక్కా,

నీ ఉత్తరం చదివాను. మూడేళ్లక్కా! బంధువుల ఇంట్లో పెళ్లికి పిలిస్తే, ఎవరేమంటారోనని జ్వరమని చెప్పి ఇంట్లో పడుకున్నాను. నీ మీద పీకలదాకా కోపం ఉంది. అది కాగితం మీద పెట్టను.

సాఫ్ట్‌వేరు తేలిపోయింది. అద్దెదే. "ఇంత హఠాత్తుగా ఎలా తేల్చావే?" అన్నారు మా ఆయన. మిగతా రెండింట్లోనూ, వచ్చి తీసుకుంటాననే వీలు ఎక్కడా కనపడలేదు అన్నాను.

డబ్బు కదలని ఆర్డరు కదా, నువ్వు కొన్నా మిషను లెక్క ఒకటి దగ్గరే ఉండిపోయింది; నిన్న పళ్ల డాక్టరు కూడా దానికి ఆర్డరు పెట్టారు. మా అక్క ముందే కొనుక్కుందని జవాబు రాసి, ఎన్ని ఉన్నాయి అన్నచోట సున్నా వేశాను.

ఆదివారం రా. ముందు తిడతాను. తర్వాత దారం ఎక్కించడం నేర్పుతాను.

పొట్టిది