రైలు కట్ట మీద గండి

మస్తానూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున్నే సైకిలు తీసుకుని ఆత్మకూరు దగ్గర మన రైలు కట్ట ఎక్కాను. పట్టాలు పడకముందే జనం రైలు కట్ట అని పేరు పెట్టేసిన ఆ మట్టి దారి మీద, ఉదయగిరి కొండ కనిపించేదాకా తొక్కుదామనుకున్నాను. వచ్చే వారం కంకర పోస్తారట. ఇక సైకిలు పోదు.

మనిద్దరం ఆదివారాలు తొక్కేటప్పుడు వంతెన కట్టని ప్రతిచోటా కట్ట తెగి ఉండేది. ముందున్నవాడు "గండి" అని అరవాలి. వెనకున్నవాడు సైకిలు దిగి "దిగినా" అనాలి. ఆ మాట వినపడనిదే ముందువాడు కదలకూడదు. నేనోసారి గండిలో పడ్డాక నువ్వు పెట్టిన రూలు.

ఇవాళ వాగు దగ్గరికి రాగానే నా నోరు ఊరుకోలేదు. "గండి" అని అరిచి, దిగి నిలబడ్డాను.

కొత్త కాంక్రీటుకు నీళ్లు కొడుతున్న కూలామె నన్ను వింతగా చూసింది. "గండి యాడుండాదన్నా? అన్నిటికీ వంతెనలు కట్టేసినారు గదా. పో, ఏం కాదు."

నిజమే. ముందు దారి తిన్నగా ఉంది. అయినా కాలు పెడలు మీదికి రాలేదు. వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేక మళ్లీ అరిచాను. గొంతు బొంగురుపోయేదాకా అరిచాను.

ఆమె పైపు కింద పెట్టేసింది. "ఎవురికోసరం అన్నా?"

"వెనకొస్తా ఉండాడు," అన్నాను.

ఎండెక్కింది. ఒక్కసారి దిగినా అనరా. నేను కదలాలి.