స్క్రూ చుట్టూ బొక్క

9 ఏప్రిల్ 1996
ముందు పన్ను దగ్గర చిగురు వాచింది. నొక్కితే చీము. ఇది సొంత పన్ను కాదు. బస్సు రాడ్ తగిలి అసలుది పోతే మా ఆయన హరికిషన్ పట్టుబట్టి, హైదరాబాద్‌లో ఎముకలోకి స్క్రూ దింపించి పన్ను కట్టించారు. నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకోవద్దనేవారు. రెండేళ్ల కిందట గుండెపోటుతో పోయారు. పన్ను మిగిలింది.

10 ఏప్రిల్
ఇక్కడి డెంటిస్ట్‌ది గుంటూరు. ఎక్స్‌రే తీశాడు. స్క్రూ ఊడుతుందేమోనని నా భయం.
"స్క్రూ చుట్టూ బొక్క ఉన్నదా సార్?"
"ఉందమ్మా. పెద్ద బొక్కే ఉంది."
ప్రాణం లేచొచ్చింది. గోళీలు రాసి, అయిపోగానే మళ్లీ రమ్మన్నాడు. ఎముక అంత బాగుంటే మళ్లీ పోవడం దేనికి?

2 జూన్
నోట్లో తుప్పు రుచి. మధ్యాహ్నం కునుకులో ఆయన గొంతు వినిపించింది. చెవిలో కాదు, పంటి దగ్గర.

21 ఆగస్టు
చిగురు దిగిపోయి స్క్రూ మర కనిపిస్తోంది. పరుగెత్తాను. డాక్టర్ తల పట్టుకున్నాడు. మాకు బొక్క అంటే ఎముక, వాళ్ల వైపు కన్నమట. నేను ఎముక సంగతి అడిగితే అతను కన్నం సంగతి చెప్పాడు. ఇద్దరం మాట్లాడుకున్నది తెలుగే. ఈలోపు సగం ఎముక కరిగిపోయింది.

24 ఆగస్టు
హైదరాబాద్ పోయి వచ్చాను. ఆపరేషన్ చేస్తారట. చిగురు కోసి తెరిచి, స్క్రూ గీకి కడిగి, పోయిన ఎముక జాగలో ఎముక పొడి నింపి కుట్టేస్తారట. ఎవరి ఎముక అని అడిగాను. చనిపోయిన మనిషిదట. శుద్ధి చేసి సీసాలో అమెరికా నుంచి పంపుతారట. పేరు రాదట. వద్దంటే స్క్రూ తీసేయడమే.
అత్తమ్మకు చెప్పాను. తింటున్న కంచం జరిపేసింది.
"ఎవని బొక్కనో నోట్ల పెట్టుకొని నా కొడుకు ఫోటోకు మొక్కుతవా?"
ఆ స్క్రూ పెట్టించింది మీ కొడుకే అన్నాను. ఇద్దరం ఏడ్చాం.

28 ఆగస్టు
ఆపరేషన్ అయ్యింది.

15 సెప్టెంబర్
చీము లేదు. స్క్రూ నిలుస్తుందన్నారు. సంతోషం రావడం లేదు. ఆయన ఎముకలు ఏరి గోదావరిలో కలిపాం. ఈ మనిషివి మాత్రం నాలోనే ఉన్నాయి. పంటి దగ్గర ఆయన గొంతు ఇప్పుడు వినిపించదు. ఇంకెవరో అక్కడ మాట్లాడకుండా ఉన్నారు. భయంగా ఉంది.

12 అక్టోబర్, పెత్తరమాస
పోయినవాళ్ల పేరు మీద బియ్యం ఇచ్చే రోజు. ఏటా ఆయన పేరున ఒక చాట ఇస్తాం. ఈసారి అత్తమ్మ రెండు సర్దింది. రెండోది ఎవరి పేరు మీద అని అయ్యగారు అడిగాడు.
"పేరు తెల్వదు అయ్యగారూ. మా కోడలి నోట్ల ఉన్నడు."
నాకు నవ్వొచ్చి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.