చుక్క వేసినంక అరగంట

బావా, నైట్ షిఫ్టు దిగి రాంగనే పండుకోకు. నేను ఫస్ట్ షిఫ్టుకు పోతున్న. నువ్వు వచ్చేదాక సాత్విక దగ్గర పక్కింటి అనసూర్యక్క ఉంటది. అలర్జీ చుక్కల సీసా ఫ్రిజ్ తలుపుల ఉన్నది. బిడ్డ నాలుక కింద ఒక్కటే చుక్క వెయ్యి, రెండు కాదు. పోయిన మంగళవారం సంగతి చెప్తే డాక్టర్ తగ్గించిండు. రెండు నిమిషాలు మింగనియ్యకు, నీళ్లు తాగనియ్యకు.

తర్వాత అరగంట దాని ఎదురుంగనే కూసో. మంచం మీద కాదు, కుర్చీల. సూదులకు ఏడుస్తుందనే కదా ఈ చుక్కలకు మారినం. సూదయితే దవాఖానలనే అరగంట కూసోవెట్టి చూసేటోళ్లు. ఇప్పుడు ఆ చూసుడు మనదే. పెదవులు ఉబ్బినా, గొంతు పట్టినట్టున్నదన్నా నాకు ఫోన్ చేసుకుంట కూసోకు, ముందు బిడ్డను ఎత్తుకొని దవాఖానకు ఉరుకు.

మంగళవారం నువ్వు చుక్కలు వేసి నిద్రపోయినవ్. అనసూర్యక్క వచ్చి చూసేసరికి బిడ్డ పెదవులు బూరెల లెక్క ఉబ్బినయ్, గోడకు ఒరిగి కూసున్నదట. డాడీని ఎందుకు లేపలేదే అని నేనడిగితే, "నైట్ షిఫ్టు చేసి వచ్చిండు కదమ్మా" అన్నది. నువ్వు పండుకుంటే లేపద్దని చిన్నప్పటిసంది నేర్పింది నేనే. నిన్న కూసోవెట్టి చెప్పిన, ఏమన్నయితే లేపుమని. తలకాయ ఊపింది. అయినా లేపదు, నాకెరుకే.

ఇంట్ల సప్పుడు లేకుంటే బిడ్డ మంచిగున్నదనుకోకు.