విమానం తోకకు వలముడి

బాపట్ల,
30-1-1976

ప్రియమైన గంగక్కకు,

మద్రాసు ఫ్లయింగ్ క్లబ్బులో మెకానిక్కు పని చేసుకునేవాడు బాపట్లలో ఏం చేస్తున్నాడా అనుకుంటావు. సినిమా కంపెనీవాళ్లు పట్టుకొచ్చారు. బర్మా యుద్ధం మీద సినిమా. అందులో జపానువాళ్ల యుద్ధ విమానాలు ఎగరాలి. అవి ఇప్పుడెక్కడ దొరుకుతాయి? వేలంలో కొన్న రెండు పాత శిక్షణ విమానాలను లారీల మీద తెచ్చి, సముద్రం దగ్గర చదును నేలలో షెడ్డు వేసి నా చేతికిచ్చారు. మొండిగా ఉన్న రెక్కల చివర్లను చెక్కతో గుండ్రంగా మలిచాను. తోక పొడిగించాను. ఉత్తుత్తి తుపాకులు బిగించాను. రెక్కల మీద ఎర్రటి సూర్యుణ్ణి వేసి దూరంగా నిలబడి చూస్తే నాకే గుండె ఝల్లుమంది.

ఒక్క పని నీకోసం ఆగింది. విమానం ఒళ్లంతా రేకే గాని, తోకలో కదిలే పలకలకు మాత్రం గుడ్డ కప్పి కుట్టాలి. విమానం పైకి లేచేదీ కిందికి దిగేదీ వాటితోనే. ఆ కుట్టులో ఒక ముడి తెగినా పక్కది జారకూడదు. పుస్తకంలో బొమ్మ చూస్తే అది మన వలముడే! నువ్వు కళ్లు మూసుకుని వేసే ముడి. నాలుగు రోజులు వచ్చి వెళ్లక్కా.

నీ ముద్దుల తమ్ముడు,
అంకారావు


రేపల్లె,
4-2-1976

ప్రియమైన తమ్ముడికి,

వలలు అల్లేదాన్ని విమానం కుట్టమంటున్నావు. ఈ సంగతి వీధిలో చెబితే ఎవరూ నమ్మలేదు. పేరమ్మ అయితే "ఎగిరే చేపల్ని పట్టడానికేమో వదినా" అని ఒకటే నవ్వు.

సోమవారం పొద్దుటి రైలుకి బయల్దేరి తెనాలిలో బండి మారతాను. నా సూదులు నేనే తెచ్చుకుంటాను. అది సరేగాని, ఆ విమానం ఎక్కేదెవరు? నువ్వు రాయనే లేదు. ఎవరికోసమో తెలియకుండా నేను సూది పట్టను.

ఆశీస్సులతో మీ అక్క,
గంగరత్నం


రేపల్లె,
15-2-1976

అంకారావుకి,

ప్రియమైన అని రాయబుద్ధి కావడం లేదు.

నాలుగు రోజులు కూర్చుని తోకంతా కుట్టాను. ఆఖరి రోజు మిగిలిన ముక్కను రెండు చేతులతో లాగితే పర్రున చిరిగింది. "గుడ్డ చివికిపోయిందిరా" అన్నాను. మేనేజరు జగన్నాథరావుగారు "ఇది చేపల బుట్ట కాదమ్మా, విమానం" అని నవ్వారు. దానికి నాకు బాధ లేదు. నువ్వు నా మొహం చూడకుండా "చాల్లే అక్కా, ఊరుకో" అన్నావే, దానికి బాధ.

నా ముడి తెగదు. గుడ్డే చిరిగితే ఆ ముడి దేన్ని పట్టుకుంటుంది? ఎక్కేది కృపారావు. నాలుగు రోజులూ నా పక్కన కూర్చుని, నేను పెట్టిన చేపల పులుసు తిని, "పెద్దమ్మా" అని నోరారా పిలిచాడు. మేనేజరంటే నీకంత భయమా? అలాగైతే నా ముడులన్నీ కోసి పారెయ్.

గంగరత్నం


బాపట్ల,
19-2-1976

ప్రియమైన అక్కా,

ఉత్తరం అందింది. సోమవారం విమానం ఎగరాలి. హీరోగారి డేట్లు అయిపోతున్నాయట. నువ్వు రావద్దు. గుడ్డ సంగతి నాకు వదిలెయ్. ఇంతకు మించి ఇప్పుడు రాయలేను.

అంకారావు


బాపట్ల,
14-3-1976

ప్రియమైన గంగక్కకు,

మూడు వారాలుగా నీకు రాయలేదు. కృపారావు కులాసా. నేనూ కులాసా. ముందు ఇది చదివి కుదుటపడు.

ఆ సోమవారం యూనిట్టంతా చూస్తుండగా, కృపారావు ఎక్కకముందే, తోక మీది గుడ్డలోంచి అంగుళం వెడల్పు పీలిక కోశాను. మంచి గుడ్డయితే ముప్పై ఆరు కిలోలు మొయ్యాలి. ఇసుక సంచి వేలాడదీశాను. పదకొండు కిలోలకే తెగింది.

జగన్నాథరావుగారు దగ్గరికొచ్చి, "రెండు చక్కర్లే కదయ్యా, ఏమవుద్ది?" అన్నారు.

"రెండో చక్కర్లో తోక చిరిగితే మరి లేవదండి. ముక్కు నేలకే."

"ఈ తాను ఏరింది నువ్వేగా?"

అవునక్కా. నీకు చెప్పలేకపోయింది అదే. నాది మేనేజరు భయం కాదు. మద్రాసులో ఆ తాను బాగుందని కొనిపించింది నేనే. ఏ గోడౌనులో ఎన్ని వానలకు తడిసిందో అడగలేదు, లాగి చూడలేదు. ఇరవై ఏళ్లుగా మెకానిక్కుని నేను, వలలు అల్లే అక్క నలుగురిలో తప్పు పట్టిందే అని ఉక్రోషమొచ్చి నీ నోరు మూయించాను.

"నేనేనండి. తప్పు నాదేనండి" అని అందరి ముందూ చెప్పి, ఆ గుడ్డంతా కత్తితో కోసేశాను. నీ ముడులు ఒక్కటీ జారలేదు. ఒక్కోదాన్నీ విడిగా కొయ్యాల్సొచ్చింది.

అప్పటికప్పుడు పనిలోంచి పొమ్మన్నారు. పెట్టె పట్టుకుని స్టేషనులో మద్రాసు బండి కోసం కూర్చున్నాను. అంతలో కృపారావు జీపులో వచ్చాడు.

"బాబాయ్, లేవండి. మీరు వేరే గుడ్డ వేసేదాకా నేను ఎక్కను, ఇంకెవర్నీ ఎక్కనివ్వను. మేనేజరుగారికి చెప్పేసొచ్చాను. ఆయనా సరేనన్నారు."

స్టేషను నుంచి తిన్నగా వేటపాలెం వెళ్లాం. చౌడేశ్వరి అని ఒకావిడ, మంచి చెయ్యి. జంట పోగుతో గట్టిగా నేసిపెట్టమన్నాం. పది రోజులు మగ్గం ఆపలేదు. ఆ గుడ్డ పీలిక నలభై ఒక్క కిలోలు మోసింది! ప్రతి గజమూ లాగి చూశాకే కత్తెర పెట్టాను. కుట్టు కూడా నేనే వేశాను. నిన్ను పిలవడానికి మొహం చెల్లలేదు.

మొన్న శుక్రవారం ఎగిరింది. సముద్రం మీంచి కిందుగా దూసుకొస్తుంటే, పారిపోతున్నట్టు నటించాల్సిన జనం నిజంగానే పరుగెత్తారు. అందరూ రెక్కల మీది ఎర్ర సూర్యుణ్ణి చూశారు, నేను తోకనే చూశాను. కృపారావు రెండు చక్కర్లని చెప్పి అయిదు కొట్టాడు. దిగాక తోక తడిమి, "పెద్దమ్మ కుట్టయితే ఇంకా దగ్గరగా ఉండేది బాబాయ్" అన్నాడు.

రెండో విమానం మొదలుపెట్టాం. ఈసారి కుట్టడానికి మాత్రమే పిలవడం లేదు. గుడ్డ తీసుకోవాలా, తిప్పి పంపాలా అన్నది నీ మాటేనని జగన్నాథరావుగారిని ఒప్పించాను. ఆయన నవ్వలేదు. నలుగురిలో నిన్ను చిన్నబుచ్చాను కాబట్టి, వచ్చి ఆ నలుగురిలోనే నన్ను తిట్టు. కిక్కురుమనను.

ఏ బండికి దిగుతావో రాయి. కృపారావు జీపు తెస్తానంటున్నాడు.

నీ తమ్ముడు,
అంకారావు